తెలుగు వ్యవసాయ పోర్టల్‌లో వ్యాసాలకు ట్యాగులు వాటంతట అవే పడేలా ఏర్పాటు చేసుకోవడం ఎలా?

రోజూ వ్యాసాలు ప్రచురించే తెలుగు పోర్టల్ ఏదైనా కొన్నేళ్లు గడిచేసరికి ఒకే ఇబ్బందిలో పడుతుంది: వ్యాసాలు వేలల్లో పోగవుతాయి గాని, పాఠకుడు వెతికినది మాత్రం దొరకదు. వ్యాసం దేని గురించో చెప్పేందుకు దానికి తగిలించే మాటే ట్యాగు. ఒక సబ్ ఎడిటర్ 'వేరుశనగ' అని ట్యాగు పెడతారు, మరొకరు 'వేరుశెనగ' అంటారు, తెలంగాణ డెస్కు నుంచి వచ్చినవారు 'పల్లి' అంటారు, రాత్రి డ్యూటీలో ఉన్నవారు తొందరలో ఏదీ పెట్టరు. ఈ పనిని కంప్యూటరుకు అప్పగించవచ్చు. అయితే ఇందులో కష్టమైన భాగం కృత్రిమ మేధ కాదు; ట్యాగుల పట్టిక, తెలుగు మాటల రూపాలు. ఆ రెండూ సరిగ్గా ఉంటే సాదాసీదా ప్రోగ్రాము కూడా బాగా పనిచేస్తుంది, అవి సరిగ్గా లేకపోతే ఎంత పెద్ద మోడల్ తెచ్చినా అదే గందరగోళం ఇంకాస్త వేగంగా పెరుగుతుంది. అందుకే కింది క్రమంలో ముందు పట్టిక, తరువాత మాటలు, ఆ తరువాతే మోడల్ వస్తాయి.

మీ పోర్టల్ వర్డ్‌ప్రెస్ అనే సైట్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోందనీ, మీ బృందంలో పైథాన్ ప్రోగ్రామింగ్ భాష కొద్దిగా తెలిసినవారు ఒకరైనా ఉన్నారనీ అనుకుని రాస్తున్నాను. డ్రూపల్ వంటి వేరే వ్యవస్థ వాడుతున్నవారికి మీటల పేర్లు మారుతాయి గాని పని క్రమం మారదు.

ట్యాగుల పట్టిక తయారీ

ముందుగా ఇప్పుడు పోర్టల్‌లో ఉన్న ట్యాగులన్నింటినీ, ఒక్కోదాని కింద ఎన్ని వ్యాసాలున్నాయో ఆ లెక్కతో సహా, ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి దించుకోండి. ఒకటి రెండు వ్యాసాలకే పరిమితమైన ట్యాగులే అందులో ఎక్కువగా కనిపిస్తాయి. వాటిని కాపాడుకోవాలన్న మోజు వదులుకోండి. పాఠకుడు ఒక ట్యాగును నొక్కితే చదవదగిన నాలుగు వ్యాసాలైనా కనబడాలి. అలా కనబడని ట్యాగు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మిగిలినవాటిని కోవలుగా విడదీయండి. వ్యవసాయ పోర్టల్‌కు పంట, ప్రాంతం, కాలం, అంశం అనే నాలుగు కోవలు చాలు. పంట అంటే వరి, పత్తి, మిరప, కంది. ప్రాంతం అంటే జిల్లా. కాలం అంటే ఖరీఫ్, రబీ. అంశం అంటే మార్కెట్ ధరలు, చీడపీడలు, నీటిపారుదల, రుణాలు, పంటల బీమా వంటివి. అన్నీ కలిపి 300 దాటకుండా మొదలుపెట్టడం మంచిది, అవసరమైనప్పుడు పెంచుకోవచ్చు.

ప్రతి ట్యాగుకూ పట్టికలో ఒక వరుస ఉండాలి. ఆ వరుసలో మారని ఒక సంఖ్య, పాఠకుడికి కనిపించే ప్రామాణిక రూపం, కోవ, జనం వాడే ఇతర రూపాలు, వెబ్ చిరునామాలో కనిపించే రూపం, ఒక పంక్తి నిర్వచనం రాయండి. ఇతర రూపాల గడి దగ్గరే ఎక్కువ సమయం గడపాలి, ఎందుకంటే ఒకే పంటకు, ఒకే కాలానికి ప్రాంతాన్ని బట్టి పేరు మారిపోతుంది. వేరుశనగను తెలంగాణలో పల్లి అంటారు, రాయలసీమలో శనక్కాయ అంటారు. మొక్కజొన్న కొన్ని జిల్లాల్లో మక్క అవుతుంది. కోస్తాలో ధాన్యం అన్నదాన్నే తెలంగాణ విలేకరి వడ్లు అని రాస్తారు. ఖరీఫ్‌కు వానాకాలం, రబీకి యాసంగి అన్నవి తెలంగాణలో ప్రభుత్వ పత్రాల్లోనే వాడే మాటలు. గోదావరి డెల్టాలో సార్వా, దాళ్వా అంటారు. ఈ చివరి జంటతో కొంచెం జాగ్రత్త అవసరం: దాళ్వా అంటే రెండో పంటగా వేసే వరి కాబట్టి ఆ ఒక్క మాటకు 'రబీ', 'వరి' అనే రెండు ట్యాగులూ పడేలా పట్టికలో వీలుండాలి. ఈ గడిని నింపే పనిని ఆఫీసులో ఒక్కరికే అప్పగించకండి. జిల్లా విలేకరులకు షీటు పంపి, వాళ్ల దగ్గర రైతులు ఏమంటారో రాసి పంపమనండి.

వెబ్ చిరునామాలో కనిపించే రూపాన్ని ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోవడం మేలు. ఇది తెలుగు మీద అభిమానం తక్కువై చెబుతున్నది కాదు. వర్డ్‌ప్రెస్ డేటాబేసులో ఆ గడికి 200 అక్షరాల హద్దు ఉంది. చిరునామాలో చేరేటప్పుడు ఒక్కో తెలుగు గుర్తు 9 అక్షరాల సంకేతంగా మారుతుంది. అంటే 22 గుర్తులకే గడి నిండిపోతుంది. గుణింతం గుర్తులు, పొల్లులు, ఖాళీలకు వచ్చే అడ్డగీతలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి కాబట్టి 'కనీస మద్దతు ధర కొనుగోలు కేంద్రాలు' వంటి పేరు సగంలో తెగిపోతుంది.

వచనాన్ని శుభ్రం చేయడం

ట్యాగుల కోసం పోలికలు చూసేది వ్యాసం అసలు ప్రతి మీద కాదు, దానినుంచి తీసిన ఒక నకలు మీద. ఆ నకలులోంచి మొదట పేజీ రూపాన్ని నిర్దేశించే హెచ్‌టీఎంఎల్ గుర్తులను, చదరపు బ్రాకెట్లలో ఉండే షార్ట్‌కోడ్ ఆదేశాలను, ప్రకటనలను తీసేయండి. 'ఇవి కూడా చదవండి' అనే పెట్టెను తప్పకుండా తీసేయాలి. టమాటా ధరల వ్యాసం మధ్యలో మామిడి వ్యాసం లింకు ఉంటే, ప్రోగ్రాము ఆ శీర్షికను కూడా వ్యాసంలో భాగమనుకుని మామిడి ట్యాగు పెట్టేస్తుంది.

తరువాత, ప్రతి లిపిలోని ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణమైన యూనికోడ్ సంగతి. తెలుగు లిపికి యూనికోడ్‌లో 128 స్థానాల గడి ఉంది. మీ వ్యాసంలోని అక్షరాల్లో సగం కూడా ఆ గడిలోవి కాకపోతే, ఆ వ్యాసం ఒకప్పటి అను ఫాంట్ల వంటి పాత పద్ధతిలో దాచినదై ఉండవచ్చు. అలాంటివి తెర మీద తెలుగులాగే కనిపించినా లోపల ఇంగ్లీషు సంకేతాలే ఉంటాయి కాబట్టి, మార్పిడి చేసేదాకా వాటిని వేరే జాబితాలో పెట్టండి.

యూనికోడ్‌లోనే ఉన్న వ్యాసాల్లో మూడు సవరణలు చేయాలి. మొదటిది, ఐత్వాన్ని ఒకే గుర్తుగా గానీ, ఎత్వం గుర్తుకు కింది ముక్కను చేర్చి రెండు గుర్తులుగా గానీ దాచవచ్చు. కంటికి రెండూ ఒకటే, కంప్యూటరుకు వేరు. అందుచేత వచనం మొత్తాన్ని ఎన్‌ఎఫ్‌సీ అనే ప్రామాణిక రూపంలోకి మార్చండి. పైథాన్‌తో పాటే వచ్చే యూనికోడ్ మాడ్యూల్‌తో ఇది ఒక్క పంక్తి పని. పట్టికలోని మాటలను కూడా అదే రూపంలోకి మార్చడం మరచిపోవద్దు. రెండవది, 'ఆదిలాబాద్‌లో' అని రాసేటప్పుడు దకారానికి లకారం వత్తుగా అంటుకోకుండా మధ్యలో కనిపించని గుర్తు ఒకటి పెడతారు; కొందరు విలేకరులు పెట్టరు, కొన్ని కీబోర్డులు పెట్టనివ్వవు. పోలిక కోసం తీసిన నకలులో ఆ గుర్తునూ, వెడల్పు లేని ఇతర గుర్తులనూ పూర్తిగా తీసేస్తే రెండు రకాల రాతలూ ఒకటవుతాయి. అసలు వ్యాసంలో మాత్రం వాటిని ముట్టుకోకండి, ముట్టుకుంటే పాఠకుడికి అక్షరాలు చెదిరి కనిపిస్తాయి. మూడవది, అక్షరం పక్కన పెట్టే సున్నా (పూర్ణానుస్వారం) బదులు తెలుగు అంకెల్లోని సున్నాను కొట్టేవారు ఉంటారు. స్కాన్ చేసి అక్షరాలుగా మార్చిన పాత సంచికల్లో ఇది మరీ ఎక్కువ. రెండు తెలుగు అక్షరాల మధ్య అంకె సున్నా కనిపిస్తే దానిని పూర్ణానుస్వారంగా మార్చే నియమం పెట్టండి.

మాటలను పట్టుకోవడం

కంప్యూటరుకు 'వరి' అనే అక్షరాలు కనిపించిన చోటల్లా ట్యాగు పెట్టమని చెబితే ఏమవుతుందో చూడండి. జనవరి, ఫిబ్రవరి, గోదావరి, చివరి, ఎవరి అనే మాటలన్నింటిలోనూ 'వరి' ఉంది. కాబట్టి జనవరి తేదీ ఉన్న ప్రతి వ్యాసమూ వరి సాగు వ్యాసమైపోతుంది. పత్తి సంగతి ఇంకా చిత్రమైనది. 'ఉత్పత్తి' అన్న మాటను చూస్తే మన కంటికి అందులో పత్తి కనిపించదు, ఎందుకంటే అక్కడ 'ప' వత్తుగా కిందికి వెళ్లింది. యూనికోడ్ మాత్రం ఆ వత్తును పొల్లు గుర్తుగా, దాని వెనక మామూలు 'ప'గా దాచుకుంటుంది. కనుక పాల ఉత్పత్తి మీద రాసిన వ్యాసానికి పత్తి ట్యాగు పడుతుంది, ఎందుకు పడిందో డెస్కులో ఎవరికీ అంతుపట్టదు.

మాట మొదలును మాత్రమే సరిచూద్దామంటే అదీ చాలదు. అప్పుడు వరినాట్లు, వరిసాగు చక్కగా దొరుకుతాయి గాని, 'ఉత్తమ రైతు పురస్కారం వరించింది' అన్న వాక్యం కూడా వరిలో కలుస్తుంది. పోనీ, మాట చివరనున్న ప్రత్యయాలను కత్తిరించి మూలరూపాన్ని రాబడదామంటే, 'కు' తీసేసే నియమం చెరకును చెరగా మారుస్తుంది, 'లో' తీసేసే నియమం కిలోను 'కి'గా మిగులుస్తుంది.

అందువల్ల తిరగేసి పని చేయండి: వ్యాసంలోని మాటలను కత్తిరించకుండా, పట్టికలోని ప్రతి మాటకూ రాగల రూపాలన్నింటినీ ముందే పుట్టించి పెట్టుకోండి. తెలుగు నామవాచకాలు చివరి అక్షరాన్ని బట్టి కొన్ని వర్గాల్లో ఒదుగుతాయి. ఇ, ఈ, ఐలతో ముగిసేవాటికి కి, ని వస్తాయి: పత్తికి, పత్తిని, పత్తిలో, పత్తితో, పత్తిపై, పత్తీ, పత్తే. తక్కిన అచ్చులతో ముగిసేవాటికి కు, ను వస్తాయి: మిరపకు, మిరపను. సున్నాతో ముగిసేవి మారతాయి: ఖమ్మంలో, ఖమ్మానికి, ఖమ్మాన్ని, ధాన్యమే, ధాన్యాల. పొల్లుతో ముగిసే ఊరిపేర్లకు ఆదిలాబాద్, ఆదిలాబాదు అనే రెండు మొదళ్లూ ఇవ్వాలి. నీరు, నీటి, నీళ్ల వంటివి ఏ వర్గంలోనూ ఇమడవు, వాటిని చేత్తోనే రాసుకోవాలి. సాగు, పంట, నాట్లు, రైతు, విత్తనాలు వంటి మాటలు వెనక అతుక్కునే సమాసాలను కూడా ఇదే పద్ధతిలో పుట్టించవచ్చు. ఒక్కో మాటకు నలభై రూపాలు, ఒక్కో ట్యాగుకు నాలుగు పేర్లు వేసుకున్నా 300 ట్యాగులకు 48,000 రూపాలు అవుతాయి. కంప్యూటరుకు ఇది లెక్కలోనిది కాదు. 1975లో ఆహో, కొరాసిక్ ప్రచురించిన పద్ధతితో ఇన్ని రూపాలనూ వ్యాసంలో ఒక్క చుట్టులో వెతకవచ్చు, దానికి పైథాన్‌లో తయారు మాడ్యూళ్లున్నాయి. దొరికిన ప్రతి రూపానికీ ముందు, వెనక తెలుగు అక్షరం గాని గుణింతం గుర్తు గాని పొల్లు గాని లేదని సరిచూసుకుంటే చాలు.

మాట హద్దులను గుర్తించడానికి పైథాన్‌లోని అక్షర నమూనాలతో వెతికే మామూలు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ గుర్తులను నమ్మకండి. గుణింతాలను, పొల్లును, సున్నాను అది అక్షరాల్లో లెక్క వేయదు కాబట్టి దాదాపు ప్రతి తెలుగు మాటనూ మధ్యలోనే తెంపుతుంది. తెలుగు గడిలోని 128 స్థానాలను నేరుగా పేర్కొంటూ మీ నమూనాను మీరే రాసుకోండి.

పొడవైన మాటకు ముందు అవకాశం ఇవ్వడం మరో నియమం. 'గులాబీ పురుగు' పత్తి చీడ, 'గులాబీ' పూలతోట, 'గులాబీ శ్రేణులు' అంటే రాజకీయం. మూడింటినీ పట్టికలో రాసి, పెద్దది దొరికిన చోట చిన్నదాన్ని లెక్కించవద్దని చెప్పాలి. రాజకీయానికి మీ పోర్టల్‌లో ట్యాగు లేకపోయినా ఆ మాట పట్టికలో ఉండాలి, పూల ట్యాగును ఆపడానికి.

ఒకే రూపానికి రెండు అర్థాలున్నప్పుడు చుట్టూ ఉన్న మాటలను చూడక తప్పదు. కంది పప్పుధాన్యం, ఐఐటీ హైదరాబాద్ ఉన్న సంగారెడ్డి జిల్లా మండలం పేరు కూడా కందే. కాబట్టి ఆ వ్యాసంలో పప్పు, ఎకరా, క్వింటాలు, విత్తనం, మద్దతు ధర వంటివాటిలో కనీసం రెండు ఉంటేనే పంట ట్యాగు పెట్టమనీ, ఐఐటీ, మండలం, సంగారెడ్డి పక్కనే కనిపిస్తే ఆపమనీ రాయండి. ఇలాంటి చిక్కుమాటలు ఒక పోర్టల్‌లో ముప్పై నలభై కంటే ఎక్కువ ఉండవు, ఓపికగా చేసుకోవచ్చు.

మార్కులు వేయడం

మాట ఒకసారి దొరికినంత మాత్రాన ట్యాగు పెట్టకూడదు. శీర్షికలో ఉంటే 5, మొదటి పేరాలో ఉంటే 3, మిగతా వచనంలో ప్రతిసారికీ 1 చొప్పున గరిష్ఠంగా 3 మార్కులు వేసి, మొత్తం 5 దాటని ట్యాగును పక్కన పెట్టడంతో మొదలుపెట్టండి. శీర్షికలో ఉన్న మాట లోపల ఒక్కసారైనా రావాలన్నది ఇందులో దాగిన షరతు. జిల్లాలకు హద్దు కొంచెం తగ్గించవచ్చు, ఎందుకంటే వార్తలో ఊరి పేరు తరచూ ఒక్కసారే వస్తుంది. ఒక వ్యాసానికి ఏడు ట్యాగులు మించకుండా చూడండి.

మాటలకు దొరకని అంశాలకు మోడల్

పంటలు, జిల్లాలు పైన చెప్పిన పద్ధతికి లొంగుతాయి. చీడపీడలు, మార్కెట్ ధరలు, రుణాలు వంటి అంశాలు అలా లొంగవు; 'దళారులు చెప్పిందే రేటు' అని మొదలయ్యే వ్యాసంలో మార్కెట్ ధరలు అన్న మాట ఎక్కడా ఉండకపోవచ్చు. ఇక్కడ మీ పాత వ్యాసాలతో ఒక వర్గీకరణ మోడల్‌కు శిక్షణ ఇవ్వాలి. ఒక్కో అంశానికి మనిషి సరిచూసిన వ్యాసాలు వందైనా ఉంటే పైథాన్ మాడ్యూలైన సైకిట్-లెర్న్‌లోని లాజిస్టిక్ రిగ్రెషన్ అనే సులువైన పద్ధతి‌తో, అంశానికో విడి మోడల్ చొప్పున, నిరభ్యంతరంగా మొదలుపెట్టవచ్చు.

ఒక పొరపాటును మాత్రం ముందే తప్పించండి. సైకిట్-లెర్న్‌లో మాటలను లెక్కించే పనిముట్టు, మీరేమీ మార్చకపోతే, పైన చెప్పిన హద్దుల దోషంతోనే పనిచేస్తుంది. పైగా ఒంటి అక్షరాలను వదిలేస్తుంది. ఫలితంగా 'పత్తి' అన్నది 'పత'గా మిగులుతుంది, 'మిర్చి', 'కంది' అసలు మాయమైపోతాయి. ఏ హెచ్చరికా రాదు, మోడల్ మందకొడిగా ఉందేమిటా అని మీరు వేరేచోట వెతుకుతారు. మాటలకు బదులు మాట లోపలి మూడు నుంచి ఐదు గుర్తుల ముక్కలను లెక్కించే ఐచ్ఛికాన్ని ఎంచుకోండి. ప్రత్యయాల బెడద కూడా దానితో చాలావరకు తీరుతుంది.

ఇది చాలదనిపిస్తే గూగుల్ విడుదల చేసిన మ్యూరిల్ వంటి, తెలుగు నేర్చిన మోడల్‌కు మీ వ్యాసాలతో తర్ఫీదు ఇవ్వవచ్చు. అది ఒకసారికి 512 ముక్కలే చదువుతుంది. తెలుగు మాట ఒక్కటే రెండు మూడు ముక్కలు కావచ్చు కాబట్టి శీర్షిక, తొలి పేరాలు ఇస్తే సరిపోతుంది. చాట్‌బాట్ల వెనకుండే పెద్ద భాషా మోడళ్లను వాడేవారు పట్టికలోని సంఖ్యలను, నిర్వచనాలను ఇచ్చి, సంఖ్యలనే తిరిగి ఇవ్వమని అడగాలి. పట్టికలో లేని సంఖ్య వస్తే పారేయాలి. కొత్త ట్యాగులు పుట్టించే స్వేచ్ఛ ఇచ్చారంటే, వేరుశనగ, వేరుశెనగ కథ మళ్లీ మొదటికొస్తుంది.

పోర్టల్‌కు కలపడం

వ్యాసాన్ని భద్రపరిచిన మరుక్షణమే ట్యాగులు లెక్కించే పని పెట్టకండి. వర్డ్‌ప్రెస్‌లో ఆ సందర్భం, వ్యాసం తనంతట తాను భద్రమైనప్పుడూ, పాత ప్రతులు దాచుకున్నప్పుడూ కూడా వస్తుంది. ఆ రెండింటినీ వడకట్టి, మిగిలిన వ్యాసం సంఖ్యను ఒక వరుసలో పెట్టి, నేపథ్యంలో నడిచే ప్రోగ్రాము దానిని తీసుకునేలా చూడండి. వచ్చిన ట్యాగులను నేరుగా వ్యాసానికి అతికించకుండా 'సూచనలు' అనే ప్రత్యేక గడిలో ఉంచి, ఎడిటర్ తెరలో ఒక్కోదాని పక్కన ఆమోదించే మీట, తోసిపుచ్చే మీట పెట్టండి. సబ్ ఎడిటర్‌కు ఇది పది సెకన్ల పని. ఏ మాట వల్ల ఆ ట్యాగు వచ్చిందో కూడా పక్కన చూపిస్తే, పట్టికలోని తప్పులు మీరు వెతక్కుండానే బయటపడతాయి.

ఆమోదం పొందిన ట్యాగులను చేర్చేటప్పుడు, ఉన్నవాటికి కలపమని స్పష్టంగా చెప్పాలి. వర్డ్‌ప్రెస్‌లో అలా చెప్పకపోతే కొత్త జాబితా పాత జాబితా స్థానంలో కూర్చుంటుంది, మనుషులు పెట్టిన ట్యాగులు పోతాయి. బయటి ప్రోగ్రాములు వర్డ్‌ప్రెస్‌తో మాట్లాడే దారి అయిన రెస్ట్ ఏపీఐ ద్వారా పంపినా ఇదే జరుగుతుంది కాబట్టి ముందు ఉన్నవి చదివి, రెండూ కలిపి పంపండి.

పాత వ్యాసాలకు వర్తింపజేసే ముందు

వేర్వేరు సంవత్సరాల నుంచి, వేర్వేరు జిల్లాల నుంచి 200 వ్యాసాలు ఏరి, ఇద్దరు ఎడిటర్లను ఒకరిదొకరు చూడకుండా ట్యాగులు పెట్టమనండి. వాళ్లిద్దరికీ కుదరని చోట తప్పు యంత్రానిది కాదు, ఆ ట్యాగు నిర్వచనం మసకగా ఉందన్నమాట. ముందు దాన్ని సరిచేయండి. తరువాత ప్రోగ్రామును అవే వ్యాసాల మీద నడిపి, అది పెట్టినవాటిలో సరైనవెన్ని, పెట్టవలసినవాటిలో అది పట్టుకున్నవెన్ని అనే రెండు లెక్కలూ ట్యాగువారీగా తీయండి. మొత్తం సగటు చూసి సంతోషించడం ప్రమాదం. వరి, పత్తి బాగా వచ్చి కంది పూర్తిగా తప్పినా సగటు అందంగానే ఉంటుంది. రెండు లెక్కల్లో మొదటిదే ముఖ్యమని నా అభిప్రాయం. రాని ట్యాగును పాఠకుడు గమనించడు, తప్పు ట్యాగును వెంటనే గమనిస్తాడు. ఈ 200 వ్యాసాలను మోడల్ శిక్షణలో ఎప్పుడూ కలపకూడదు.

పాత వ్యాసాలకు రెస్ట్ ఏపీఐ కాకుండా ఆదేశాలు టైపు చేసి నడిపే కమాండ్ లైన్ పనిముట్టుతో ట్యాగులు చేర్చండి. ఏపీఐతో మార్చిన ప్రతి వ్యాసానికీ సవరించిన తేదీ ఈరోజుదైపోతుంది. పదేళ్లనాటి ధరల వార్త తాజాగా మార్చినట్టు సెర్చ్ ఇంజన్లకు కనిపించడం ఎవరికీ మంచిది కాదు. నడపడానికి ముందు డేటాబేసు నకలు తీసుకోవడం, యంత్రం పెట్టిన ప్రతి ట్యాగునూ తేదీతో విడి పట్టికలో రాసుకోవడం తప్పనిసరి. అలా రాసుకుంటే ఒక నియమం తప్పని తేలినప్పుడు అది పెట్టినవాటిని మాత్రమే వెనక్కి తీయవచ్చు.

జిల్లాల విషయంలో ప్రచురణ తేదీని కూడా చూడాలి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న జిల్లాలు 10 నుంచి 31కి, 2019 ఫిబ్రవరిలో 33కి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. 2015 నాటి నరసరావుపేట మిర్చి వార్తలో గుంటూరు జిల్లా అని ఉంటుంది, అదే ఊరు ఇప్పుడు పల్నాడు జిల్లా కేంద్రం. పాఠకుడు ఇప్పటి జిల్లా పేరుతోనే వెతుకుతాడు కాబట్టి, ఊరి పేరును బట్టి నేటి జిల్లా ట్యాగును చేర్చి, వ్యాసంలో ఉన్న పాత జిల్లా ట్యాగును కూడా ఉంచండి. ఊరు, మండలం, పాత జిల్లా, కొత్త జిల్లా, మార్పు తేదీ అనే ఐదు గడులతో విడి పట్టిక ఉంటే, మరోసారి జిల్లాలు మారినప్పుడు ప్రోగ్రామును ముట్టుకోనవసరం ఉండదు.

ఇదంతా నడవడం మొదలయ్యాక వారానికి ఒకసారి రెండు జాబితాలు తీయండి. ఒకటి, ఎడిటర్లు ఎక్కువసార్లు తోసిపుచ్చిన ట్యాగులు. వాటి నియమాలు బిగించాలి. రెండోది, ఏ ట్యాగూ పడని వ్యాసాల్లో పదేపదే కనిపిస్తున్న మాటలు. మిరప తోటల్లో కొత్త పురుగు కనిపించినా, ప్రభుత్వం కొత్త పథకం ప్రకటించినా దాని పేరు ముందుగా ఈ రెండో జాబితాలోనే తేలుతుంది. కొత్త ట్యాగు ఇవ్వాలా, ఉన్న ట్యాగుకు మరో రూపంగా చేర్చాలా అన్నది పట్టికకు బాధ్యులైన ఒక్కరే నిర్ణయించాలి, మిగిలినవారందరూ ప్రతిపాదించవచ్చు.